స్వస్థతకు పరీక్ష అడ్డు కాదు

(గణపవరంలో మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మా మాస్టారు వారమంతా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆదివారం అదే మనిషి సండే స్కూల్లో పిల్లలకు బైబిలు కథలు చెప్పేవారు. ఆ రెండు పనులకూ మధ్య ఆయనకు ఎప్పుడూ పేచీ రాలేదు. మన డెల్టాలో బోదకాలు ఇంటింటి జబ్బుగా ఉన్న రోజులవి. ఆ జబ్బు తెచ్చే సూక్ష్మమైన పురుగులు పగటిపూట రక్తంలో దాదాపు దొరకవు, రాత్రి పొద్దుపోయాకే బయటపడతాయి. అందుకని ఫైలేరియా సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక గాజుపలకలు పట్టుకుని పేటల్లోకి వచ్చేవారు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలు పొడుస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? తలుపులు వేసేసుకునేవారు. మాస్టారు సాయంత్రం ప్రార్థన ముగించుకుని, టార్చిలైటు పట్టుకుని ఆ సిబ్బంది ముందు నడిచేవారు. గుమ్మంలో నిలబడి అందరికంటే ముందు తన వేలు పొడిపించుకునేవారు. అది చూసి తలుపులు తెరిచేవారు.

అలాంటి మనిషి పేరిట మాట్లాడమన్నప్పుడు, స్వస్థత కూటాల గురించి మాట్లాడతానన్నాను. ఈ ఊళ్లో ఆ విషయం ఎత్తడం అవసరమా డాక్టరు గారూ అని ఒకరిద్దరు సందేహించారు. అవసరమనే అనుకుంటున్నాను. ఎందుకంటే ఇది పక్కవాళ్ల గురించి దూరం నుంచి చేసే విమర్శ కాదు. నేను సంఘంలో పుట్టి పెరిగినవాణ్ని. ఇప్పటికీ ఆదివారం మందిరానికి వెళ్తాను. తాడేపల్లిగూడెంలో ఏళ్ల తరబడి వైద్యం చేశాను.

ఏం చెప్పబోతున్నానో ముందే చెప్పేస్తాను. దేవుడు రోగిని బాగుచేయగలడా లేదా అన్న చర్చ జోలికి నేను వెళ్లడం లేదు. ఫలానా రోగి బాగయ్యాడని మైకులో చెప్పినప్పుడు, నిజంగా బాగయ్యాడో లేదో చూసే పూచీ మనకుందా అన్నదే నా ప్రశ్న. ఉందని నా వాదన. ఆ పూచీని మన మీద పెట్టినవి సువార్తలేనని కూడా నా వాదన.

కాటన్ భక్తి, కుగ్లర్ భక్తి

ఈ గోదావరి డెల్టాకు ప్రొటెస్టెంట్ క్రైస్తవం వచ్చి దాదాపు రెండు శతాబ్దాలవుతోంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని ప్రారంభించాయి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం చేరారు. తర్వాత ఆ మిషన్ ఏలూరు దాకా వచ్చింది. లూథరన్లు గుంటూరు నుంచి, రాజమండ్రి నుంచి ఇటు కదిలారు. వీళ్లలో ఎక్కువమంది బైబిల్లోని ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు నమ్మినవాళ్లే. ఎర్ర సముద్రం చీలిందన్నా, లాజరు సమాధి లోంచి లేచాడన్నా వాళ్లకు అవి జరిగిన సంగతులే.

అలా నమ్మినవాళ్లు ఇక్కడ చేసిన పనేమిటో చూడండి. సర్ ఆర్థర్ కాటన్ గాఢమైన భక్తుడు. 1833 నాటి కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టాక ఈ గోదావరి మండలం కూడా మాడిపోతుంటే, ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఊరుకోలేదు. నది కొలతలు తీయించాడు, లెక్కలు కట్టాడు, కంపెనీ ప్రభుత్వంతో డబ్బు కోసం పోట్లాడాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తి చేయించాడు. ఇవాళ మనం తింటున్న అన్నం ఆ లెక్కల్లోంచి వచ్చింది. ప్రార్థన ఆయన్ని లెక్క తప్పించుకోనివ్వలేదు.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. వైద్యురాలిగా పనిచేయనివ్వాలని సొంత మిషన్‌ వాళ్లతోనే వాదించుకుని, 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. మగవైద్యుడి ముందుకు రాకూడదన్న కట్టుబాటు వల్ల కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్న ఆడవాళ్లు ఆ ఆసుపత్రిలో బతికి బయటపడ్డారు. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు గారు కృతజ్ఞతగా ఆ ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు ఆసుపత్రి కూడా ఆ తరం భక్తి కట్టినదే. కుష్ఠురోగులను తాకి బాగుచేసిన క్రీస్తు కథను చదివిన ఆమె, తానూ రోగులను తాకారు. చేతిలో మాత్రం ఆనాటి మందు చాల్‌ముగ్ర నూనె పట్టుకుని మరీ తాకారు.

మాల పేటల్లో, మాదిగ పేటల్లో చాలా ఇళ్లకు మొదటి పలక, మొదటి కుట్టు, మొదటి టీకా ఇలాంటి చేతుల మీదుగానే వచ్చాయి. బైబిలును అక్షరాలా నమ్మడం వేరు, మందును కాదనడం వేరు అనడానికి మన చరిత్రే సాక్ష్యం.

రెండు ప్రవాహాలు

మరి ఇవాళ్టి పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చింది? రెండు ప్రవాహాలు కలిశాయి. మొదటిది అమెరికాలో పుట్టింది. డార్విన్ సిద్ధాంతం, బైబిలు రచనాకాలం మీద జర్మన్ పండితుల పరిశోధన అక్కడి చర్చిలను కుదిపేశాయి. దానికి జవాబుగా 1910 నుంచి 1915 దాకా ‘ది ఫండమెంటల్స్’ పేరిట పన్నెండు సంపుటాలు వెలువడ్డాయి. కాలిఫోర్నియా చమురు వ్యాపారి లైమన్ స్టూవర్ట్, ఆయన సోదరుడు డబ్బు పెట్టి వాటిని పాస్టర్లకు, మిషనరీలకు ఉచితంగా పంచారు. 1910లోనే అక్కడి ప్రెస్బిటేరియన్ మహాసభ అయిదు సిద్ధాంతాలను తప్పనిసరి చేసింది. బైబిల్లో తప్పు లేదన్నది అందులో ఒకటి, అద్భుతాలు నిజంగా జరిగాయన్నది మరొకటి. ఫండమెంటలిస్టు అన్న మాట 1920లో పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బైబిల్లో పొరపాటు లేదని అందరికంటే గట్టిగా వాదించిన పండితుడు ప్రిన్స్‌టన్‌కు చెందిన బి.బి. వార్‌ఫీల్డ్. ఆయనే 1918లో నకిలీ అద్భుతాల మీద ఒక పుస్తకం రాశాడు. అద్భుతాలు చేసే వరం అపొస్తలులతోనే ముగిసిందని, తర్వాతి కాలపు స్వస్థత కథలు పరీక్షకు నిలవవని అందులో వాదించాడు. అంటే తొలి తరం అక్షరార్థవాదుల్లోనే ఇప్పటి స్వస్థత సభలను ఒప్పుకోని పెద్దలు ఉన్నారన్నమాట.

రెండో ప్రవాహం పెంతెకొస్తు ఉద్యమం. 1905లో మహారాష్ట్రలోని కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లోను, 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడి సభల్లోను అది ఎగసింది. మనకు కేరళ మీదుగా వచ్చింది. పి.ఎం. శామ్యూల్ ఏలూరును కేంద్రంగా చేసుకుని పనిచేశారు. ఇండియన్ పెంటెకోస్టల్ చర్చి 1935లో రిజిస్టరైంది మన ఏలూరులోనే.

ఆ ఉద్యమం మన పేటలకు ఇచ్చింది తక్కువేం కాదు. చదువు రాని ఆడమనిషి నలుగురిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. పెద్ద మిషన్ల దొరల అజమాయిషీ లేకుండా, తాటాకు పాకలో, తమ పాటలతో, తమ డప్పుతో తమవాళ్లే ఆరాధన నడుపుకున్నారు. తాగుడు మానిన మొగుడు, కొట్టడం మానిన కొడుకు ఆ ఇళ్లకు నిజమైన అద్భుతాలే. వాటిని నేను మనసారా నమ్ముతాను. ఎందుకంటే పక్కింటివాళ్లు ఆ మార్పును ఏళ్ల తరబడి కళ్లారా చూస్తారు. మళ్లీ తాగితే వీధికంతా తెలిసిపోతుంది. ఆ సాక్ష్యానికి పరీక్ష ఉంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ రెండు ప్రవాహాలూ కలిసి ఒక మూడో బోధ తయారైంది. పుస్తకంలో రాసిన ప్రతిదీ నిజం, అది ఈ రాత్రే ఈ పందిట్లోనే నీకూ జరుగుతుంది, జరగకపోతే లోపం నీ విశ్వాసంలో ఉంది అన్నది ఆ బోధ. అందులో చివరి మాటే రోగుల్ని చంపుతోంది.

ఒక పిల్లాడి మాత్రలు

కొల్లేరు లంకల నుంచి ఒక తల్లి తన కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చేది. తండ్రి చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. పిల్లాడికి మూర్ఛ. ఫినోబార్బిటోన్ మాత్ర రాత్రికి ఒకటి. మాత్ర పడుతున్నంతకాలం బాగానే ఉన్నాడు, బడికి వెళ్తున్నాడు. ఒక వేసవిలో దగ్గర్లోని ఊళ్లో మూడు రాత్రులు స్వస్థత మహాసభలు జరిగాయి. వచ్చిన బోధకుడు పిల్లాడి తల మీద చేతులుంచి, నూనె రాసి, దయ్యాన్ని గద్దించి, ఇక నువ్వు స్వస్థపడ్డావన్నాడు. ఇంకా మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనన్నాడు. తల్లి ఆ రాత్రే మాత్రల డబ్బా చెరువులో పారేసింది.

వారం గడిచింది, ఫిట్సు రాలేదు. రెండో వారం కూడా రాలేదు. ఆదివారం ఆమె సంఘంలో నిలబడి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. తాను చూసిందే చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక తెల్లవారుజామున ఫిట్సు మొదలై, ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా వచ్చాయి. ప్రార్థన చేస్తూ కొంతసేపు చూశారు. ఆటో దొరికేసరికి ఇంకొంత పొద్దు పోయింది. పిల్లాడు బతికాడు. కానీ మునుపటి చురుకు రాలేదు. లెక్కలు గబగబా చేసేవాడు, తర్వాత తన పేరు రాయడానికి కూడబలుక్కునేవాడు. వార్డు బయట ఆ తల్లి నన్ను అడిగింది, “నా విశ్వాసమే చాల్లేదంటారా డాక్టరు గారూ?” అని.

ఆ రెండు వారాలు ఫిట్సు ఎందుకు రాలేదో వైద్యానికి తెలుసు. ఫినోబార్బిటోన్ ఒంట్లోంచి చాలా మెల్లగా పోయే మందు. మానేశాక రక్తంలో దాని మోతాదు సగానికి పడటానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ సగం మళ్లీ సగం కావడానికి మరో మూడు నాలుగు రోజులు. అలా పాత మాత్రల బలమే రెండు వారాల పాటు పిల్లాణ్ణి కాచింది. సాక్ష్యం చెప్పిన ఆదివారం నాటికి కవచం దాదాపు అయిపోవచ్చింది. పైగా ఫిట్సు మందు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ మునుపటికన్నా ఉధృతంగా తిరగబడవచ్చు. ఆ బోధకుడికి ఇది తెలియకపోవచ్చు. తెలియని విషయంలో మాత్ర మాన్పించే అధికారం ఆయనకెవరిచ్చారన్నదే నా బాధ.

నిజాయితీ గల సాక్ష్యం ఎందుకు తప్పుతుంది

స్వస్థత సభల్లో సాక్ష్యం చెప్పేవాళ్లంతా డబ్బులకు వచ్చినవాళ్లని కొందరంటారు. నేనలా అనను. మోసగాళ్లు ఉన్నారు. పీటర్ పాపాఫ్ అనే అమెరికా బోధకుడు రోగుల వివరాలను దేవుడే చెబుతున్నాడనేవాడు. ఆ వివరాలు చెవిలోని చిన్న రేడియోలో ఆయన భార్య చెబుతోందని 1986లో జేమ్స్ రాండీ బయటపెట్టాడు. కానీ నేను చూసిన సాక్షుల్లో అత్యధికులు నిజాయితీపరులు. నిజాయితీ ఉన్నా మాట ఎలా తప్పుతుందో మనకు తెలిసిన రెండు సంగతులతో చెబుతాను.

మొదటిది పాముకాటు. మన చేలల్లో తాచు, కట్లపాము, రక్తపింజరి ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా నీరుకట్టెలు, జెర్రిపోతులు ఉన్నాయి. ఈ రెండింటికీ విషం లేదు. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 54 లక్షల మందిని పాములు కరుస్తుంటే, విషప్రభావం కనిపించేది 18 నుంచి 27 లక్షల మందిలో. అంటే సగానికి సగం మంది ఏమీ చేయకపోయినా బతుకుతారు. మంత్రం వేసినా, పసరు పోసినా, ప్రార్థన చేసినా ఆ సగం బతుకుతుంది, బతికి సాక్ష్యం చెబుతుంది. మిగతా సగంలో చనిపోయినవాళ్లు సాక్ష్యం చెప్పడానికి రారు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు సూది ఉచితం. దానికి ముందు పోగొట్టుకునే ప్రతి గంటా ఆ అంకెలో కలుస్తోంది.

రెండోది మీ అందరికీ గుర్తున్నదే. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోయారు. మూర్ఛ, వాంతులు, తలనొప్పి, కాసేపు మతిమరుపు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మంది దాకా ఆసుపత్రికి వచ్చారు, ఒకరు చనిపోయారు. అయితే ఎక్కువమంది కొన్ని గంటల్లోనే తేరుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ గంటల్లో ఎవరు ఏ దేవుణ్ణి తలుచుకున్నా, ఆ దేవుడే బాగుచేశాడని చెప్పుకోవచ్చు. అలా చెప్పుకుని ఊరుకుని ఉంటే? ఢిల్లీ ఎయిమ్స్ రక్తం పరీక్షించి సీసం, నికెల్ ఉన్నాయంది. నాగపూర్ నుంచి నీరి, హైదరాబాదు నుంచి ఎన్‌ఐఎన్, ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు వచ్చి నీళ్లు, కూరగాయలు, పాలు, రక్తం నమూనాలు పట్టుకెళ్లాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఎయిమ్స్, నీరి తేల్చాయి. అప్పుడే మన నీళ్ల గురించి, మన కూరల గురించి, కొల్లేరులోకి మనం వదిలేదాని గురించి అడగవలసిన ప్రశ్నలు బయటికొచ్చాయి. కోలుకున్నవాడి సంతోషం కారణాన్ని చెప్పదు. కారణం తెలియకపోతే రేపు ఇంకొకడు పడిపోతాడు.

స్వస్థత సాక్ష్యాలను ఓపికగా పరీక్షించిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన విలియం నోలెన్ అనే సర్జన్, ఆ రోజుల్లో పేరుమోసిన స్వస్థత బోధకురాలు కేథరిన్ కుల్‌మన్ సభకు స్వచ్ఛందంగా సాయం చేయడానికి వెళ్లాడు. వేదిక మీద బాగయ్యామన్న ఇరవై మందికి పైగా రోగులను తర్వాత కలుసుకుని ఆరా తీశాడు. జబ్బు నిజంగా నయమైనవాళ్లు ఆయనకు ఒక్కరూ కనిపించలేదు. వెన్నెముకకు కేన్సర్ పాకిన ఒక స్త్రీ ఆ రాత్రి నడుముకు కట్టిన ఆసరా విప్పేసి వేదిక మీద పరుగెత్తింది. మర్నాడే ఆమె వెన్నుపూస కుంగిపోయింది. నాలుగు నెలలకు చనిపోయింది. ఆ రాత్రి ఆమెకు నొప్పి తెలియకపోవడం నిజం. ఆవేశంలో, ఆశలో మన మెదడు నొప్పిని కాసేపు అణచగలదు. ఎముకను అతకలేదు.

సువార్త చెప్పిన పరీక్ష

ఇక అక్షరాలా నమ్మేవాళ్లతో వాళ్ల పుస్తకం ఆధారంగానే మాట్లాడతాను. అది నా పుస్తకం కూడా.

కుష్ఠురోగిని యేసు బాగుచేసిన ఘట్టం మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. బాగుచేసిన వెంటనే ఆ మనిషికి రెండు ఆజ్ఞలు వచ్చాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నది ఒకటి. వెళ్లి యాజకుడికి కనపరచుకోమన్నది రెండోది. ఆ రోజుల్లో కుష్ఠు ఉందో పోయిందో నిర్ణయించే అధికారం యాజకుడిదే. లేవీయకాండము తీసి చూడండి, ఆయన ఏం చేయాలో వివరంగా ఉంది. మచ్చ రంగు చూడాలి, వెంట్రుక తెల్లబడిందా చూడాలి, లోతు చూడాలి, అనుమానంగా ఉంటే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూడాలి. ఆనాటి సమాజానికి అదే వైద్య పరీక్ష. స్వస్థత ఇచ్చినవాడే ఆ పరీక్షకు పంపాడు. మనం ఈ ఘట్టంలో స్వస్థతను అక్షరాలా తీసుకున్నాం. పరీక్షను వదిలేశాం. ఎవరికీ చెప్పవద్దన్న మాటను ఫ్లెక్సీల కింద కప్పేశాం.

ఇంకా చూడండి. సాతాను యేసును దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్లి దూకమంటాడు, దేవదూతలు పట్టుకుంటారని వాక్యం ఎత్తి చూపి మరీ అడుగుతాడు. ఆయన దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. మాత్రలు చెరువులో పారేయమనడం ఆ శిఖరం మీంచి దూకమనడం లాంటిదే. తిమోతికి కడుపునొప్పి వస్తే పౌలు చెప్పింది ఆనాటి ఇంటివైద్యం. త్రోఫిము రోగంతో ఉంటే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని పౌలే రాశాడు. అతనికి విశ్వాసం చాలలేదని రాయలేదు. హిజ్కియా రాజు పుండుకు ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని యేసు తేల్చేశాడు. ఆ లంక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నీ విశ్వాసంలో లోపం లేదమ్మా అని ఆమెకు చెప్పవలసింది మన సంఘాలే.

పాములను ఎత్తి పట్టుకున్నా హాని కలగదన్న అర్థం వచ్చే మాటలు మార్కు సువార్త చివర ఉన్నాయి. ఆ చివరి భాగం మనకు దొరికిన నాలుగో శతాబ్దపు రెండు ప్రముఖ ప్రతుల్లో, సైనాయిటికస్, వాటికానస్ ప్రతుల్లో లేదు. ఈ సంగతి అనేక బైబిళ్ల అడుగున గమనికగా అచ్చయి ఉంటుంది. ఆ మాటలను అక్షరాలా పాటిస్తూ పాముల్ని పట్టుకునే ఆరాధనను ప్రచారం చేసిన అమెరికా బోధకుడు జార్జి హెన్‌స్లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు.

పరీక్ష పెట్టిన చర్చి లేకపోలేదు. విజయవాడ గుణదల మాత కొండకు ఏటా ఫిబ్రవరిలో లక్షల మంది వెళ్తారు. ఆ మాత ఫ్రాన్సులోని లూర్దు మాతే. లూర్దులో 1883 నుంచి వైద్యుల కార్యాలయం ఒకటి ఉంది. బాగయ్యామన్నవాళ్ల పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు తెప్పించుకుంటారు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి చూస్తారు, ఏ మతంవాడైనా ఏ మతం లేనివాడైనా వైద్యుడు వచ్చి ప్రశ్నించవచ్చు. ఏడు వేలకు పైగా నమోదైన స్వస్థతల్లో కతోలిక చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్భై పైచిలుకు మాత్రమే. ఆ డెబ్భై గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. వేలను పక్కనపెట్టిన ఆ నిగ్రహం మనం నేర్చుకోదగ్గది.

అన్ని గుమ్మాల దగ్గరా ఇదే మాట

ఇది క్రైస్తవుల జబ్బు మాత్రమేనని ఎవరైనా ఈ ఉపన్యాసాన్ని వాడుకుంటే నాకు అన్యాయం చేసినవారవుతారు. 1995 సెప్టెంబరులో దేశమంతా వినాయకుడికి పాలు తాగించింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా నీడలో నయమవుతుందని గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. 2021 జనవరిలో మదనపల్లెలో పెద్ద చదువులు చదివిన తల్లిదండ్రులు మళ్లీ బతికి వస్తారని నమ్మి సొంత కూతుళ్లను చంపుకున్నారు. గుమ్మం ఏదైనా, పరీక్ష లేని నమ్మకం మొదట మింగేది ఇంట్లోని పిల్లల్నే.

ఈ మాట చెప్పినవాళ్లకు మన సమాజం పెద్దగా కృతజ్ఞత చూపలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మన దగ్గర ఇంటింటా చదివిన హేతువాది అబ్రహాం కోవూర్ కేరళ మార్తోమా చర్చి పాదిరి కొడుకు. 2012లో ముంబయిలోని ఒక చర్చిలో శిలువ పాదాల నుంచి నీళ్లు కారుతున్నాయని జనం పట్టుకుని తాగుతుంటే, మూసుకుపోయిన మురుగు కాలువ తడి గోడలోంచి పైకి పాకిందని హేతువాది సనల్ ఇడమరుకు చూపించారు. తాగవద్దని చెప్పినందుకు ఆయన మీద మనోభావాల కేసులు పెట్టారు. ఆయన ఫిన్లాండు వెళ్లిపోయారు. మురుగునీళ్లు తాగకుండా ఆపినవాణ్ణి విశ్వాసులుగా మనం కాపాడుకుని ఉండాల్సింది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే, అది ప్రజారోగ్యానికి లోబడి ఉండాలంది. 51ఎ(హెచ్) శాస్త్రీయ దృష్టిని పౌరుల కర్తవ్యమంది. మహిమలతో మూర్ఛ, మధుమేహం, కేన్సర్ లాంటివి నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నేరమంది. ఈ చట్టాన్ని తాయెత్తుకూ, యాగానికీ, అభిషేక తైలానికీ ఒకే కొలతతో వాడాలి. తప్పు చేసిన బోధకుణ్ణి కోర్టు అడగాలి. మందిరాల మీద పడి పేదవాళ్లను కొట్టే గుంపులకు ఆ హక్కు ఎవరూ ఇవ్వలేదు.

మనం చేయగలిగింది

జనం స్వస్థత పందిళ్లకు ఎందుకు వెళ్తారో వైద్యులుగా మనమూ ఒప్పుకోవాలి. అక్కడ ఎవరో పేరు పెట్టి పిలుస్తారు, తల మీద చెయ్యి వేస్తారు, కళ్లనీళ్లు వచ్చేదాకా వింటారు. మన ఓపీలో రెండు నిమిషాలు కూడా మొహం చూడం, చీటీ రాసి పంపిస్తాం. 108 వచ్చింది, ఆరోగ్యశ్రీ వచ్చింది, అయినా స్కానింగుకు, దారి ఖర్చుకు, పోయిన కూలికి అప్పు చేసే కుటుంబాలు నాకు తెలుసు. ఆ లోటు పూడ్చకుండా పాస్టర్లను మాత్రమే తిడితే అది సగం నిజమే.

సంఘ కాపరులకు నాలుగు మనవులు. మీ వేదిక మీద ఎవరిచేతా మందు మాన్పించవద్దు. ఫిట్సు, షుగరు, బీపీ, గుండె, టీబీ, మానసిక వ్యాధుల మందులు వైద్యుడు ఆపితేనే ఆగాలి. టీబీ మందు మధ్యలో మానేస్తే జబ్బు మొండికెక్కి, పక్కన కూర్చుని పాడే పిల్లాడికి కూడా అదే మొండి జబ్బు అంటుతుంది. రెండోది, స్వస్థత సాక్ష్యాన్ని అదే రాత్రి చెప్పించవద్దు. ఆర్నెల్లు ఆగండి, పరీక్ష కాగితం చూడండి, అప్పుడు ఆనందంగా చెప్పించండి. మూడోది, పాముకాటు, అయిదు నిమిషాలు దాటిన ఫిట్సు, గుండెనొప్పి, గర్భిణికి రక్తస్రావం, రెండు వారాలు దాటిన దగ్గు, ఈ అయిదింటినీ మందిరం గోడ మీద రాయించండి. ముందు ఆసుపత్రి, దారి పొడవునా ప్రార్థన. నాలుగోది, బాగుకానివాళ్ల పక్కన కూర్చోండి. విశ్వాసం చాలలేదన్న మాట మీ నోట రాకూడదు.

తోటి వైద్యులకు ఒక మనవి. మీ ఊరి పాస్టరుతో పరిచయం పెంచుకోండి. లంకల్లో అర్ధరాత్రి ఫోను మొదట మోగేది ఆయన ఇంట్లోనే. ఆయన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట మన పది కరపత్రాలకంటే దూరం వెళ్తుంది. ఆయన్ని శత్రువును చేసుకుంటే పోగొట్టుకునేది మన రోగులనే.

కుటుంబాలకు కూడా చెబుతున్నాను. ప్రార్థన చేయించుకోండి. నేనూ చేయించుకుంటాను. ఆపరేషన్‌కు వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్న రోగులతో కలిసి నేనూ కళ్లు మూసుకున్నాను. ఆ ప్రార్థన ధైర్యమిచ్చింది, తోడిచ్చింది. ఆ తర్వాత కత్తి పట్టుకున్న సర్జన్ చెయ్యి వణకకుండా చేసింది మాత్రం ఏళ్ల చదువు, శిక్షణ. ఆ రెండింట్లో ఒకదాన్ని పారేస్తేనే రెండోది నిలుస్తుందని ఎవరైనా చెబితే, వాళ్లు ఎంత పెద్ద బోధకులైనా ఆ మాట నమ్మకండి.

ఈ సభలో కాపరులు చాలామంది ఉన్నారు. వచ్చే ఆదివారం వాక్యం చెప్పడం ముగిశాక, మీ సంఘంతో ఈ ఒక్క మాట అనండి: “ప్రార్థన మానకండి, మందూ మానకండి.” ఆ మాట వల్ల ఎవరి విశ్వాసమూ పోదు. ఈ కొల్లేరు చుట్టుపక్కల ఎక్కడో ఒక ఇంట్లో మాత్రల డబ్బా అటక మీద భద్రంగా ఉంటుంది, దాన్ని వేసుకునే పిల్లాడు బడికి వెళ్తాడు. అందుకోసమే ఇంతసేపు మాట్లాడాను.